పన్నెండు క్వింటాళ్ల పుణ్యం

మా ఆవిడ లోపల మిక్సీ వేసింది. ఆ చప్పుడు ఆగేలోపు చెప్పేయాలి, కాస్త దగ్గరికి జరగండి.

పదకొండు మంది దగ్గర తలా రెండు వేలు తీసుకుని, ‘మీరు విమానమెక్కి చేసిన పాపమంతా నేను కడిగేశాను, నిశ్చింతగా ఉండండి’ అని కాగితం రాసిచ్చిన మనిషిని నేను. ఆ కాగితం మీద సంతకం ఉంది, రబ్బరు స్టాంపు ఉంది, నా పేరు పక్కన ఎం.ఏ., బీ.ఈడీ. కూడా ఉంది. దొంగనోట్లు అచ్చేసేవాడు కూడా నోటు మీద తన డిగ్రీలు వేసుకోడు. నేను వేసుకున్నాను.

డబ్బు తిన్నానని మాత్రం అనుకోకండి. తినేంత తెలివే ఉంటే ఈ కథే లేదు.

మాది కొత్తూరు. బెంగుళూరు హైవే మీద శంషాబాద్ దాటాక వస్తుంది. ముప్పై ఏళ్లు సోషల్ టీచర్‌గా చేశాను. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచారు, మా నెత్తిమీద విమానాలూ మా కాళ్లకింద భూమి రేట్లూ ఒకేసారి లేచాయి. జొన్నలు పండని చెలకలు కూడా వెంచర్లయ్యాయి. ఎకరం అమ్మినవాడు స్కార్పియో కొన్నాడు, రెండెకరాలు అమ్మినవాడు ఫంక్షన్ హాల్ కట్టాడు. నేనూ రోడ్డు పక్కన ఓ ముక్క అమ్మాను. ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు కదా? కూర్చోలేను. ఎందుకంటే స్కార్పియో ఉన్నవాళ్లను చూసి ఊళ్లో అందరూ లేచి నిలబడుతున్నారు. నేను నా శిష్యులు నడిపే కిరాణా కొట్టుకి వెళ్లినా ‘ఏం గావాలె సార్’ అని కూర్చునే అడుగుతున్నారు. మీకూ ఈ కడుపుమంట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. రాలేదంటే నేను నమ్మను.

స్కార్పియో కొనడం మామూలు మనిషి పని. నేను మేధావిని కదా, ఎవరూ చేయనిది చేయాలి.

అది 2012, 13 నాటి సంగతి. కరెంటు కోతలు ఎలా ఉండేవో గుర్తుందా? ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు, ఎప్పుడొస్తుందో అసలే తెలిసేది కాదు. 2011 నవంబర్‌లో మీసేవ మొదలైంది. కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, స్కాలర్‌షిప్ ఫారం, అన్నీ కంప్యూటర్‌లోనే. కరెంటు లేక కంప్యూటర్ ఆడదు, కంప్యూటర్ ఆడక పిల్లలు షాద్‌నగర్‌కో శంషాబాద్‌కో బస్సెక్కేవాళ్లు. అక్కడ నాకు మెరుపు మెరిసింది. సోలార్ కంప్యూటర్ సెంటర్! ఊరికి సేవ, నాకు పేరు. నిజానికి నా మనసులో రెండోది ముందు వచ్చింది. వరస మార్చి చెబుతున్నాను, అంతే.

ఈ ఆలోచన నాది కాదని అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. గ్రీన్‌స్టార్ అని ఒక అమెరికా సంస్థ 2000 ప్రాంతంలోనే పాలస్తీనాలో అల్-కాబ్నే, జమైకాలో స్విఫ్ట్ రివర్ లాంటి పల్లెల్లో సోలార్ పలకలు పెట్టి, కంప్యూటర్లు పెట్టి, ఆ ఊరి పాటలూ బొమ్మలూ ఇంటర్నెట్‌లో అమ్మిపెట్టాలని చూసింది. ఆ వరసలో మన పర్వతాపూర్ కూడా ఉంది. ‘ప్రపంచంలో పర్వతాపూర్ తర్వాత కొత్తూరే’ అని అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకున్నాను. బాగానే వినిపించింది.

ఇక రెండో పిచ్చి. అసలు మునిగింది ఇందులోనే.

ఆదిలాబాద్ అడవుల్లో పవర్‌గూడ అని ఒక ఆదివాసీ గూడెం. అక్కడి మహిళా సంఘాలవాళ్లు కానుగ గింజలేరి నూనె తీసేవాళ్లు. డీజిల్‌కు బదులు ఆ నూనె కాలిస్తే అంత మేరకు బొగ్గుపులుసు వాయువు మిగిలినట్టే కదా. ఆ లెక్కన 147 టన్నులు కట్టి, 2003 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘాలవాళ్లకు 645 డాలర్లు ఇచ్చింది. ఎందుకిచ్చిందనుకున్నారు? వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సుకు విమానాల్లో వచ్చినవాళ్ల పొగ మాఫీ చేసుకోవడానికి. కానుగ గింజలేరే ఆడవాళ్లు ప్రపంచ బ్యాంకు పాపం మోశారంటే ఎం.ఏ., బీ.ఈడీ. చదివిన నేను ఎంత మోయాలి? ఇదీ నా తర్కం. వాళ్లు ఎండలో గింజలేరారు, నేను ఫ్యాన్ కింద కూర్చుని లెక్కలేశాను. ఆ తేడా అప్పుడు తట్టలేదు.

లెక్క మీకూ చెబుతాను, చాలా తేలిక. ఒక కిలోవాట్ సోలార్ పలకలు మన దగ్గర రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఏడాదికి 1,460. మన దేశంలో ఎక్కువగా బొగ్గు కరెంటే కాబట్టి యూనిట్‌కు సుమారు 0.82 వాయువు. గుణిస్తే 1,197. నా దగ్గర 2008 నాటి పేపర్ కటింగ్ ఒకటి ఉంది. టన్నుకు ఇరవై యూరోల పైన పలుకుతోందని అందులో ఉంది. 1,197ను ఇరవైతో గుణించి, యూరోను డెబ్భై రూపాయలకు మార్చి చూశాను. ఏడాదికి పదహారున్నర లక్షల పైనే!

మూడుసార్లు గుణించాను. మూడుసార్లూ అంతే వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్రలేదు. పలకలు ఇరవై అయిదేళ్లు పనిచేస్తాయి, అంటే నాలుగు కోట్లు. స్కార్పియోవాళ్ల ముఖాలు వరసగా కళ్లముందు కనిపించాయి, అందరూ లేచి నిలబడి ఉన్నారు.

లెక్కలో తప్పెక్కడుందో మీకు ఇప్పటికే దొరికి ఉంటుంది. నాకు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. కాసేపు ఆగండి, అక్కడికే వస్తాను.

మా నాయన కట్టించిన రోడ్డు వైపు రెండు గదులు ఖాళీ చేయించాను. నాలుగు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, ఒక ఇన్వర్టర్, నాలుగు బ్యాటరీలు, మేడ మీద కిలోవాట్ పలకలు. ఒక్క సోలార్‌కే లక్షా ఎనభై వేలయింది. పలకలు బిగించే కుర్రాడు మేడెక్కి పెరట్లో వేపచెట్టు వైపు చూసి, ‘సార్, రెండు దాటినాంక నీడ పడ్తది. ఒక్క పలక మీద పడ్డా మొత్తం లైను డల్ అయితది. కొమ్మలు కొట్టేయాలె’ అన్నాడు. మా ఆవిడ కింద నుంచే, ‘చెట్టు మీద చెయ్యేస్తే ఆ పలకలు మీ సార్ నెత్తి మీద బిగించాల్సొస్తది’ అంది. చెట్టు నిలిచింది. మధ్యాహ్నం రెండు దాటితే నా పదహారున్నర లక్షల్లో ఎన్ని లక్షలు నీడపాలవుతాయో ఆమెకేం తెలుసు అని జాలిపడ్డాను.

ఇప్పుడు ప్రారంభోత్సవం. దీన్ని త్వరగా చెప్పి ముగించాలని ఉంది గానీ, దీని కోసమే కదా మీరు ఇంతసేపు కూర్చున్నారు.

2013 ఉగాది, విజయ నామ సంవత్సరం. ఏప్రిల్ ఎండ మాడ్చేస్తోంది. షామియానా వేయించాను, మైకు పెట్టించాను, ముఖ్య అతిథిగా ఒక పెద్దమనిషిని పిలిచాను (పేరు చెప్పను, ఆయన ఇంకా నాతో మాట్లాడుతున్నాడు). డల్లాస్‌లో ఉన్న మా తమ్ముని కొడుకు అక్కడ అర్ధరాత్రి దాకా మేలుకుని స్కైప్‌లోకి వచ్చాడు. మొదటి సర్టిఫికెట్ వాడిదే. దుబాయ్ మీదుగా డల్లాస్‌కు ఒకసారి పోయి వచ్చిన పొగకు రెండు వేలు కట్టాడు. అతిథి చేత్తో మౌస్ నొక్కించి, జనం చూస్తుండగా సర్టిఫికెట్ ప్రింటు తీసి, లాప్‌టాప్ ముందు పట్టుకుని వాడికి చూపించాలని నా ప్లాను.

టెంట్‌హౌస్ అతను పొద్దున్నే అడిగాడు, ‘సార్, జనరేటర్ దింపాల్నా?’ అని. నవ్వాను. ఎలాంటి నవ్వంటే, సినిమాలో జమీందారు పాలేరును చూసి నవ్వుతాడే, ఆ నవ్వు. ‘ఇది సోలార్ సెంటర్ నాయనా, సూర్యుడే మన జనరేటర్’ అన్నాను. పక్కనున్న ఇద్దరు చప్పట్లు కొట్టారు కూడా. అతనేమీ అనలేదు. జనరేటర్‌ను మాత్రం ట్రాలీ మీంచి దింపకుండా గోడవారగా అలాగే ఉంచాడు. అనుభవమంటే అది.

మైకు సోలార్ మీదే. అతిథికి ఉక్కపోస్తోందని ఒక కూలర్ పెట్టాం, అదీ సోలార్ మీదే. ఆయన పక్కాయనకు కోపం రాకూడదని ఇంకో కూలర్. నాలుగు కంప్యూటర్లు వెలుగుతున్నాయి. నేను పర్వతాపూర్ చెప్పాను, పవర్‌గూడ చెప్పాను, క్యోటో ఒప్పందం 1997లో కుదిరి 2005లో అమల్లోకి వచ్చిందని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ‘ఇక్కడ ఒక్క చుక్క డీజిల్ మండదు, ఒక్క మిల్లీగ్రాము పొగ లేవదు’ అని మైకులో అరిచాను. అతిథి మౌస్ నొక్కాడు. లేజర్ ప్రింటర్ అనేది కాగితాన్ని లాగే ముందు లోపల వేడెక్కడానికి ఒక్కసారిగా గుటుక్కున కరెంటు మింగుతుందని నాకెవరూ చెప్పలేదు. ప్రింటర్ గుర్రుమంది, ఇన్వర్టర్ కీచుమంది, మైకు కుయ్యిమంది, కూలర్లు ఆగాయి, కంప్యూటర్లు నాలుగూ కళ్లు మూసుకున్నాయి, మోడెం లైట్లు పోయాయి, స్కైప్‌లో మా వాడి ముఖం నోరు తెరిచినట్టే ఆగిపోయింది, సర్టిఫికెట్ సగం బయటికొచ్చి ‘ఇందుమూలముగా తెలియజేయునది’ దగ్గర ఇరుక్కుంది. అతిథి చెయ్యి ఇంకా మౌస్ మీదే ఉంది, ‘నేనేం జెయ్యలే’ అంటున్నాడు, ఇంతలో వెనకాల ఎవరో హ్యాండిల్ తిప్పిన చప్పుడు, డగ్ డగ్ డగ్ డగడగడగడగ... టెంట్‌హౌస్ అతను నన్ను అడగనే లేదు. నల్లటి పొగ ఒక్క ఉండగా లేచి, షామియానా కిందికి దూరి, ముందు వరసలో తెల్ల ఖద్దరు చొక్కాల మీదుగా నింపాదిగా వెళ్లింది.

అన్నీ వెలిగాయి. స్కైపూ తిరిగొచ్చింది.

‘పెద్దనాయినా, ఏమైంది? ఆ సప్పుడేంది?’

ఈ లోకంలో నిజం చెప్పడానికి దేవుడు మనిషికి ఒక్క క్షణం ఇస్తాడు. నాకూ ఇచ్చాడు. నేనేమన్నానంటే, ‘విమానం బిడ్డా. ఎయిర్‌పోర్ట్ పక్కనే గదా.’

వాడు కాసేపు విన్నాడు. రెండు నిమిషాలైనా చప్పుడు తగ్గలేదు, పెరగలేదు.

‘పెద్దనాయినా, విమానం మన షామియానా మీద ఆగిందా?’

ముందు వరస నుంచి వెనక వరస దాకా నవ్వారు. పొగకు దగ్గుతూ నవ్వారు. నాకు జవాబు తట్టక, ‘జై హింద్’ అని మైకు ఆపేశాను.

ఇక్కడితో బుద్ధి రావాలి కదా? మీకైతే వచ్చేది. నేను ఆ తర్వాత ఇంకో పది సర్టిఫికెట్లు అమ్మాను. మా వాడు డల్లాస్‌లో స్నేహితులకు నవ్వుతూ చెబితే, వాళ్లు నవ్వుతూనే డబ్బు పంపారు. నేను మాత్రం నవ్వకుండా తీసుకున్నాను.

అందులో తప్పున్నట్టు కూడా అనిపించలేదు. మనకిది కొత్తా? గోదావరి పుష్కరాలకు వెళ్లినప్పుడు చూశాను. ఘాట్ మీద ఒక పంతులు, ఒక ఆవు. వచ్చినవాళ్లు తోక పట్టుకుని, సంకల్పం చెప్పుకుని, డబ్బిచ్చి గోదానం చేసి వెళుతున్నారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే ఆవు. ఎన్ని వందల మంది దానమిచ్చారో, అది మాత్రం ఎక్కడికీ పోకుండా అక్కడే గడ్డి నములుతోంది. ఒకే ఆవును వంద మందికి అమ్మడం కార్బన్ వ్యాపారంలో పెద్ద నేరమట, డబుల్ కౌంటింగ్ అంటారట. మా సెంటర్ కూడా ఆ ఆవు లాంటిదే. తోక పదకొండు మంది పట్టుకున్నారు.

నవంబర్‌లో ఒకరోజు సెంటర్‌కొచ్చే ఇంటర్ అమ్మాయికి ఎక్సెల్ నేర్పుతూ, గొప్పకు పోయి నా లెక్కే ఇచ్చి గుణించమన్నాను. గుణించింది. స్క్రీన్ వంక చూసి, నా వంక చూసి, మళ్లీ స్క్రీన్ వంక చూసి, చాలా మర్యాదగా అడిగింది.

‘సార్, ఈ 0.82 కిలోలా, టన్నులా?’

‘కిలోలే.’

‘అయితే 1,197 కూడా కిలోలే గదా సార్?’

ముప్పై ఏళ్ల సర్వీసులో పిల్లలు నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. ఇలా గొంతులో ముల్లులా దిగింది మాత్రం ఇదొక్కటే. 1,197 కిలోలంటే పన్నెండు క్వింటాళ్లు. ఒక టన్నూ, ఇంకో రెండు బస్తాలూ. టన్ను ధర సంగతి చూద్దామని ఆ పిల్లే ఇంటర్నెట్‌లో వెతికి పెట్టింది. నా కటింగ్ నాటి ఇరవై యూరోలు పోయి, 2012 చివరికే ఒక్క యూరో కిందికి పడిపోయింది. ఏడాదంతా సూర్యుడు నా మేడ మీద కష్టపడితే నాకు రావాల్సింది వంద రూపాయల లోపు. అదైనా రావాలంటే, నా టన్ను నిజమైన టన్నేనని తనిఖీ చేసేవాళ్లు రావాలి, వాళ్లకు లక్షల్లో ఫీజు కట్టాలి. పెళ్లికొడుకు ఖరీదు వంద, పల్లకి ఖరీదు లక్ష అన్నమాట.

ఆ పిల్ల అంతటితో ఆగిందా? డల్లాస్ పోయి రావడానికి మనిషికి రెండున్నర, మూడు టన్నులవుతుందని తేల్చింది. పదకొండు మందికి తక్కువలో తక్కువ 275 క్వింటాళ్లు. ఏడాదికి పన్నెండు చొప్పున తీర్చాలంటే ఇరవై మూడేళ్లు. ఊళ్లో బ్యాంకు లోను కూడా అంతకాలం ఉండదు. తర్వాత ఇంకో మాట అడిగింది, అది రాత్రుళ్లు ఇప్పటికీ గుర్తొస్తుంది.

‘సార్, మనం సోలార్ వాడేదే కరెంటు పోయినప్పుడు గదా. కరెంటే రానప్పుడు బొగ్గు మనకోసం ఎట్లాగూ మండదు గదా. మరి మనం ఏం మిగిల్చినట్టు?’

‘అట్ల కాదమ్మా, ఈ సోలార్ లేకపోతే మనం డీజిల్ జనరేటర్...’ అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ పిల్ల ఉగాదినాడు ముందు వరసలో కూర్చుంది. ఆమె తెల్ల చున్నీ సంగతి వాళ్లమ్మ మా ఆవిడతో చెప్పింది కూడా. ఆ పిల్ల తలొంచుకుని కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది. అంత సంస్కారం ఎక్కడ నేర్చుకుందో, నా క్లాసులో మాత్రం కాదు.

బ్యాటరీలు ఆ చలికాలం దాటలేదు. వాటిలో డిస్టిల్డ్ వాటర్ పోయాలని సెంటర్ చూసుకునే పిల్లగాడు రెండుసార్లు చెప్పాడు. ‘మా బోరు నీళ్లు తాగి మా నాయన ఎనభై ఏళ్లు బతికాడు’ అన్నాను. మా నాయన సీసం పలకలతో, ఆమ్లంతో తయారైన మనిషి కాదని నాకప్పుడు గుర్తు రాలేదు. స్నానాల గదిలో బకెట్ల మీద తెల్లగా సున్నంలా పేరుకునే నీళ్లవి. ఆ తెలుపే బ్యాటరీల లోపలా పేరుకుంది. ఎనిమిది నెలలకు ఒకటి ఉబ్బింది, దాని దుఃఖంలో మిగతా మూడూ పోయాయి. సర్టిఫికెట్ల ఇరవై రెండు వేలూ కొత్త బ్యాటరీల కిందికి పోయాయి. అందుకే చెప్పాను, డబ్బు నేను తినలేదు, నా బోరు తాగింది.

రాష్ట్రం వచ్చింది, కోతలు పోయాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, ప్రతి పిల్ల చేతిలో ఒక కంప్యూటర్ సెంటర్ వచ్చింది. నా సెంటర్‌కు రావడానికి మిగిలిన ఒకే కారణం వేపచెట్టు నీడ. పిల్లలు ఫోన్లు పట్టుకుని దాని కిందే కూర్చునేవాళ్లు.

అక్కడ శంషాబాద్‌లో విమానాశ్రయం వాళ్లు 10 మెగావాట్ల సోలార్ పెట్టుకున్నారు. నాదానికి పది వేల రెట్లు. విమానాశ్రయాల అంతర్జాతీయ మండలి నుంచి కార్బన్ న్యూట్రల్ అని గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. అది భవనాలూ దీపాలూ వాళ్ల సొంత వాహనాల లెక్క. విమానం గాల్లోకి లేచాక కాల్చేది ఆ పద్దులోకి రాదు. చూశారా, పెద్దవాళ్లు ఏది తమ ఖాతాలో రాసుకోవాలో ముందే గీత గీసుకుంటారు. నేనేమో విమానం గాల్లో కాల్చిందే నెత్తినేసుకున్నాను. పైన విమానం పోయినప్పుడల్లా, అందులో నా అప్పు ఎంత కూర్చుందో అని తల ఎత్తి చూస్తుంటాను.

అసలు ఇదంతా మీకు ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా తమ్ముని కొడుకు దసరాకు వస్తున్నాడు. పెళ్లాం, ఇద్దరు పిల్లలతో. నలుగురు, రానూపోనూ. నా సర్టిఫికెట్‌ను వాడు డల్లాస్‌లో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడట. దాని మీద పెద్దపిల్ల స్కూల్లో ప్రాజెక్టు చేసిందట. ‘తాతయ్య సోలార్ సెంటర్’ తన కళ్లతో చూడాలట. నేరుగా వీడియో కాల్‌లోనే అడిగింది, ‘తాతయ్యా, అది ఇంకా పనిచేస్తోందా?’ అని.

దేవుడు మళ్లీ ఒక్క క్షణం ఇచ్చాడు.

‘బ్రహ్మాండంగా!’ అన్నాను.

నిన్న పలకలు కడిగించాను. వాటి మీద ఆరబెట్టిన వడియాలు తీయించాను. రెండు కంప్యూటర్లు దుమ్ము దులిపితే వెలిగాయి, ఇంటి కరెంటు మీద. బ్యాటరీలు మాత్రం ఎప్పుడో పాతసామాన్లవాడి పాలయ్యాయి. ఒకవేళ ఆ పూటే కరెంటు పోతే పిల్ల ముందు పరువు పోతుంది కదా అని, టెంట్‌హౌస్ అతనికి మెల్లగా ఫోన్ చేశాను. ఆ పాత జనరేటర్ ఇంకా ఉందా, ఒక్క రోజుకు గోడవారగా పెట్టగలవా అని.

మిక్సీ ఎప్పుడాగిందో నేను చూసుకోలేదు. మా ఆవిడ గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

‘ఈసారి హెలికాప్టర్ అని చెప్పు,’ అంది. ‘అదైతే ఒక్కకాడ నిలబడ్తది.’